నక్కవాగు ఒడ్డున

పొట్లచెరువు పేరు మా క్లాసులో ఏటా ఒకసారి తప్పక వినబడుతుంది. గోల్కొండను ఇబ్రహీం కుతుబ్‌షా ఏలిన రోజుల్లో, అంటే 1550–1580 మధ్య, అక్కడ అమీన్‌ఖాన్ అని ఒక అధికారి వుండేవాడు. పొన్నికంటి తెలగన్న తన ‘యయాతి చరిత్ర’ను ఆయనకే అంకితమిచ్చాడు. తత్సమాన్ని చొరనివ్వకుండా వ్రాసిన తొలి అచ్చతెలుగు కావ్యమని దానికి పేరు. ఒక ముసల్మాను దొర అచ్చతెలుగు కావ్యాన్ని అంకితం పుచ్చుకోవటం మన సాహిత్యంలో ఎంతో ముచ్చటైన ఘట్టం. పాఠం చెప్పేటప్పుడు ఆ ముచ్చటను నేను కొంచెం సాగదీసే చెబుతాను.

పదిహేడేళ్ళుగా ఈ పాఠం చెబుతూ, హైదరాబాదులోనే కాపురం వుంటూ, ముప్ఫై కిలోమీటర్ల దూరంలో వున్న ఆ పొట్లచెరువును, అంటే నేటి పటాన్‌చెరువును, నేను ఒక్కసారైనా చూడలేదంటే మీరు నవ్వుతారు. మా ఆవిడ నవ్వనే నవ్వింది. “ఇన్నాళ్ళకు మీ అమీన్‌ఖాను జ్ఞాపకం వచ్చాడన్నమాట! సరే, వెళ్ళిరండి. వచ్చేటప్పుడు ఆ చుట్టుపట్ల పల్లెల నుంచి వచ్చే తోటకూర నాలుగు కట్టలు తీసుకురండి. ఇక్కడి బండివాడి దగ్గర అన్నీ వాడిన ఆకులే” అంది. నాకు దుమ్ము పడదు. దుమ్ము తగిలితే తుమ్ములు వరసగా నలభై. అందుకని తుమ్ముల మాత్రల పట్టీ ఒకటి నా చొక్కా జేబులో పెట్టింది. ఈ మాత్రల సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్ళీ వస్తుంది.

బస్సు లింగంపల్లి దాటి, రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం దాటి, బీరంగూడ దాటి, పటాన్‌చెరువులో దింపింది. బొంబాయి రోడ్డు వూరి మధ్యనుంచే పోతుంది. లారీలు, ట్యాంకర్లు, షిఫ్టు దిగి వస్తున్న కార్మికులు, మిర్చి బజ్జీల బళ్ళు. కావ్యకాలపు జాడ కోసం నేను అటూ ఇటూ చూస్తూండగా, నా పాత విద్యార్థి ఒకడు మోటారు సైకిలు మీద వచ్చాడు. ఇప్పుడతను అక్కడికి దగ్గర్లో ఒక స్కూల్లో తెలుగు పండితుడు. ముందుగా ఉత్తరం వ్రాసినట్టు ఫోనులో కబురు పెట్టాను లెండి.

“అమీన్‌ఖాన్ పేరు అమీన్‌పూర్‌కు మిగిలిందంటారు సార్. దానికేం, సాయంత్రం చూద్దాం. ముందు మా వాగు చూద్దురుగాని రండి” అన్నాడు.

దారిలో ఎడమచేతి వైపు ఒక విశాలమైన ఆవరణ కనిపించింది. అది ఇక్రిశాట్. మెట్టపంటల మీద పరిశోధన చేసే ఈ అంతర్జాతీయ సంస్థ 1972లో ఇక్కడ వెలిసింది. సుమారు 1,400 హెక్టార్ల నేల. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ విత్తనాలను దేశదేశాలనుంచి తెచ్చి భద్రం చేసింది ఇక్కడే. లోకమంతటి మెట్టరైతుకు మంచి విత్తనం ఇవ్వాలని పూనుకొన్న చోటది. అదే దశాబ్దంలో, అదే వూరి ప్రక్కన, పారిశ్రామికవాడ కూడా వెలిసింది.

ఆ రోజుల్లో మెదక్ వెనుకబడిన జిల్లా. అక్కడ ఫ్యాక్టరీ పెట్టేవారికి రాయితీలున్నాయి. హైదరాబాదులోని ప్రభుత్వరంగ మందుల కర్మాగారం ఐ.డి.పి.ఎల్.లో పని నేర్చుకొన్న రసాయన నిపుణులు బయటికి వచ్చి సొంతంగా మందులు తయారు చేయసాగారు. 1970 నాటి పేటెంటు చట్టం వారికి దారి సుగమం చేసింది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికైన తరువాత ఇక్కడి పరిశ్రమలు మరింత పెరిగాయి. పటాన్‌చెరువు, బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి, గడ్డపోతారం ఈ పేర్లన్నీ మందుల లోకంలో పెద్ద పేర్లయినాయి. ఇక్కడ తయారైన ముడిమందుతో చేసిన మాత్రలు ప్రపంచమంతా మింగుతున్నారు. ధర కూడా చౌక. ఈ మాటలో మనం గర్వపడవలసినది నిజంగానే వుంది.

అయితే మందు తయారీలో ఒక చిక్కు వుంది. ఒక కిలో మందు చేతికి రావాలంటే అంతకు అనేక రెట్లు ద్రావకాలు, ఆమ్లాలు, క్షారాలు, లవణాలు వాడాలి. మందు డబ్బాలోకి పోతుంది. తక్కినదంతా ఎక్కడికో పోవాలి కదా!

అది ఎక్కడికి పోయిందో నా విద్యార్థి చూపించాడు.

మోటారు సైకిలు ఆగకముందే వాసన తగిలింది. ఆసుపత్రి వరండాలోనూ, రంగులు వేస్తున్న ఇంట్లోనూ వచ్చే వాసనలు రెండూ కలిస్తే ఎలా వుంటుందో అలా వుంది. నేను జేబులోనుంచి చేతిరుమాలు తీశాను. క్రింద నక్కవాగు పారుతున్నది. నీళ్ళు నల్లగా, నెమ్మదిగా, రాళ్ళ దగ్గర నురగ కడుతూ పోతున్నాయి. ఇసుకవాగు వచ్చి ఈ నక్కవాగులో కలుస్తుంది. నక్కవాగు మంజీరలో, మంజీర గోదావరిలో కలుస్తాయి. గోదావరి అంటే మనకు ఎక్కడో భద్రాచలం, రాజమండ్రి. ఈ చిన్నవాగు కూడా గోదావరే అని అప్పటిదాకా నాకు తోచలేదు.

వాగు ఒడ్డున రెండెకరాల పొలం వున్న ఒక పెద్దాయన దగ్గరకు తీసుకుపోయాడు మావాడు. డెబ్భై దాటిన మనిషి. వేపచెట్టు క్రింద నులకమంచం వాల్చి, నన్ను కూర్చోబెట్టి, తాను గట్టుమీద గొంతుక్కూర్చున్నాడు. ఎంత చెప్పినా మంచం మీదికి రాలేదు.

“మా చిన్నప్పుడు గీ వాగుల చెలిమె తోడుకొని తాగినం సారూ. ఎండకాలంల గూడ నీళ్ళు తియ్యగుండె. వరి, చెరుకు, ఏదేస్తే అది పండె.”

“తరువాత ఏమైంది పెద్దయ్యా?”

“ఏమైతది! కంపెనీలొచ్చినయ్. పోరగాండ్లకు కొలువులొస్తయని మేమే సంబురపడ్డం. వచ్చినయ్ గూడ, అబద్ధం జెప్పొద్దు. మా పెద్దోడు ఇరవై ఏండ్లు ఆండ్లనే చేసిండు. గని వాగు రంగు మారింది. మొదలు చేపలు సచ్చినయ్. ఆనెంక వరి పొట్టకొచ్చేది, గింజ పాలు పోసుకోకపోయేది. అంత తాలే.”

ఆయన లేచి, పొలంలోనుంచి ఒక పెళ్ళ తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇటుక ముక్కలా గట్టిగా వుంది. పైన తెల్లటి పొర. వేలితో గీకితే పొడి రాలింది.

“సౌడు. వాన బడితే నీళ్ళు లోపటికి ఇంకయ్, పైననే నిలవడతయ్. మా నాయన నాకు నల్లరేగడి ఇచ్చిండు సారూ. నేను నా కొడుక్కు సౌడు ఇస్తున్న.”

నేను మాట్లాడలేకపోయాను. ఏం మాట్లాడాలి? ఏటా పిల్లలకు నేను చెప్పే కథే ఆయన నాకు తిప్పి చెప్పాడు. శుక్రాచార్యుల శాపంతో ముసలివాడైన యయాతి, భోగాలమీద ఆశ చావక, కొడుకులను యౌవనం ఇమ్మని అడుగుతాడు. అందరూ కాదంటారు. కడగొట్టు కొడుకు పూరువు మాత్రం తండ్రి ముసలితనాన్ని తాను తీసుకొని, తన పడుచుదనాన్ని ఇస్తాడు. తండ్రి అనుభవిస్తాడు, కొడుకు వంగిపోతాడు. ఆ కథకు అంకితం పుచ్చుకొన్న వూళ్ళోనే ఈ పెద్దాయన మట్టిపెళ్ళ పట్టుకొని నిలబడ్డాడు.

ఇంటికి వచ్చిన తరువాత కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే మిత్రులను పట్టుకొని, ఆ పెళ్ళ సంగతి అడిగాను. వారు చెప్పినది నాకు అర్థమైనంతలో చెబుతాను.

మొదటిది ఉప్పు. ఫ్యాక్టరీ నీటిలో సోడియం లవణాలు మెండు. మంచి నేలలో మట్టి రేణువులు గుంపులు గుంపులుగా కూడి వుంటాయి. ఆ గుంపుల మధ్య సందుల్లోనుంచి నీరూ, గాలీ లోపలికి పోతాయి. సోడియం చేరితే ఆ గుంపులు విడిపోతాయి. విడిపోయిన రేణువులు సందులను మూసివేస్తాయి. నేల ఊపిరి ఆడక బిగుసుకుపోతుంది. ఎండకు తడి పైకి లాగబడి ఆరిపోతే, ఉప్పు తెల్లగా పైన తేలుతుంది. దీనికి వైద్యం లేకపోలేదు. జిప్సం వేసి, మంచినీళ్ళతో మళ్ళీ మళ్ళీ కడగాలి. కాని ఆ మంచినీళ్ళు ఎక్కడినుంచి తేవాలి?

రెండవది లోహాలు. 2001లో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పటాన్‌చెరువు పారిశ్రామికవాడ మట్టిని పరీక్షించి, ఆర్సెనిక్, క్రోమియం, కాడ్మియం, జింకు, రాగి వంటివి మోతాదుకు మించి వున్నాయని ప్రకటించారు. మట్టిలోని బంకరేణువులు ఈ లోహాలను పట్టుకొని వదలవు. కుళ్ళిపోయే పదార్థమైతే ఎప్పటికో ఒకప్పటికి కుళ్ళి మాయమవుతుంది. లోహానికి కుళ్ళటం లేదు, కాలటం లేదు. వాగులోకి వచ్చే గొట్టాన్ని ఈ రోజు మూసివేసినా, నిన్నటిదాకా వచ్చినది నేలలో వుండనే వుంటుంది.

అక్కడనుంచి మొక్కలోకి ఎలా పోతుంది? ఇక్కడే నాకు ఆశ్చర్యం వేసింది. వేరుకు విషమేదో, ఆహారమేదో పూర్తిగా తెలియదు. ఆర్సెనిక్ ఒక రూపంలో అచ్చం ఫాస్ఫేటులా వుంటుంది. ఫాస్ఫేటు మొక్కకు కావలసిన ఆహారం. సన్యాసి వేషంలో వచ్చిన రావణునికి సీతమ్మ గీత దాటి భిక్ష వేసినట్టు, వేరు దానికి తలుపు తీస్తుంది. నీరు నిలవ కట్టిన వరిమడిలో ఇది మరీ ఎక్కువ. నీటి అడుగున గాలి లేనందువల్ల, అంతవరకూ మట్టిలోని ఇనుమును అంటుకొని వున్న ఆర్సెనిక్ కరిగి నీటిలోకి వస్తుంది. సీసం చాలావరకు వేళ్ళ దగ్గరే ఆగిపోతుంది. కాడ్మియం మాత్రం చకచకా ఆకులదాకా ఎక్కుతుంది. మొత్తంమీద గింజలో కంటె, కాయలో కంటె ఆకులోనే ఇవి ఎక్కువగా చేరుతాయట. ఇల్లాండ్రు ఇది గమనించాలి. ఆకుమీద పడిన దుమ్ము కడిగితే పోతుంది. వేరు ద్వారా లోపలికి వచ్చినది కడిగినా పోదు, ఉడికించినా పోదు. అదే గడ్డి పశువు మేస్తుంది. పశువు పాలు మనం త్రాగుతాము.

వాగు నీళ్ళు పెట్టకుండా బోరు నీళ్ళు పెడితే సరిపోదా అని అడిగాను. ఈ ప్రాంతమంతా గ్రానైటు రాతి నేల. రాతిలోని నెర్రెలలోనే భూగర్భజలం వుంటుంది. వాగునుంచీ, కుంటలనుంచీ ఇంకిన నీరు ఆ నెర్రెల వెంబడే పోతుంది. ఏ నెర్రె ఏ బావి క్రిందికి పోతుందో పైనుంచి చూసి చెప్పలేము. ఒక రైతు బావి బాగుంటుంది, గట్టు అవతలివాని బావి చెడుతుంది.

మూడవది అన్నింటికంటె విచిత్రమైనది. చాలా ఫ్యాక్టరీల మురుగును ఒకచోట చేర్చి శుద్ధి చేయటానికి 1994లో ఇక్కడ ఒక ఉమ్మడి కేంద్రం పెట్టారు. సుమారు తొంభై ఫ్యాక్టరీల నీళ్ళు అక్కడికి వచ్చేవి. స్వీడన్ దేశపు గోటెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు యోకిమ్ లార్సన్, ఆయన సహచరులు శుద్ధి అయి బయటికి వచ్చే నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటిబయాటిక్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా వుంది. అంటే పదహారు లీటర్ల నీటిలో ఒక 500 మిల్లీగ్రాముల మాత్ర అన్నమాట. రోజుకు సుమారు 45 కిలోల మందు వాగులోకి పోతున్నదని వారు లెక్కకట్టారు. స్వీడన్ దేశం మొత్తం అయిదు రోజుల్లో వాడే మందు అది!

ఎప్పుడూ మందులో నానుతున్న బురదలో మందుకు చావని సూక్ష్మజీవులే మిగులుతాయి. మందును జయించే ఆ విద్యను ఒకదానికొకటి నేర్పుకొంటాయి కూడా. ఇక్కడి వాగు బురదలో అటువంటి జన్యువులు పెద్ద ఎత్తున వున్నట్టు 2011లో మరొక పరిశోధన బయటపెట్టింది. రేపు మన బిడ్డకు జ్వరం వచ్చి, ఏ మందు వేసినా తగ్గకపోతే, దాని కారణాల్లో ఇటువంటి వాగులు కూడా వుంటాయి. వాగు చివర ఎక్కడో వుందనుకొంటాము; మన మంచం ప్రక్కనే వుంది.

2009లో అదే బృందం ఇక్కడి రెండు చెరువుల నీళ్ళు కూడా పరీక్షించింది. వాటిలో దొరికిన మందుల్లో ఒకటి సెట్రిజిన్. లీటరుకు 1.2 మిల్లీగ్రాముల దాకా వుంది. కొన్ని బావుల్లో కూడా కనిపించింది. ఆ పేరు చదవగానే నా చేయి చొక్కా జేబు మీదికి పోయింది. మా ఆవిడ పెట్టిన తుమ్ముల మాత్ర అదే. పది మిల్లీగ్రాముల మాత్ర. ఎనిమిది లీటర్ల చెరువు నీళ్ళలో ఇంచుమించు ఒక మాత్ర.

ఇదంతా జరుగుతూంటే ఎవరూ నోరెత్తలేదా అంటే, ఎత్తారు. పటాన్‌చెరువులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావుగారు రోగులను చూస్తూ చూస్తూ, రోగం వాగులో వున్నదని గ్రహించి, దశాబ్దాలపాటు పోరాడారు. 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. రైతులకు నష్టపరిహారం, పల్లెలకు త్రాగునీరు ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. ఉమ్మడి కేంద్రం నీళ్ళను వాగులోకి వదలకుండా 18 కిలోమీటర్ల గొట్టం వేసి నగరంలోని అంబర్‌పేట శుద్ధి కేంద్రం వైపు మళ్ళించారు. అక్కడినుంచి అది మూసీ. కొన్ని ఫ్యాక్టరీలు తమ మురుగును బొట్టు బయటికి పోకుండా లోపలే ఇంకించి, ఆవిరిచేసే యంత్రాలు పెట్టుకొన్నాయి. ఖర్చుతో కూడిన పని, చేసినవారిని మెచ్చుకోవాలి. అయినా అర్ధరాత్రి ట్యాంకర్లు వచ్చి వాగులో గుమ్మరించిపోవటం ఇంకా మానలేదని పెద్దాయన అన్నాడు.

చెడిన నేలను బాగుచేసినవారు ఎక్కడా లేరా? వున్నారు. జపానులో జింజు నది ఒడ్డున వరిపొలాల్లోకి పైనున్న గనినుంచి కాడ్మియం వచ్చి చేరింది. ఆ బియ్యం తిన్న స్త్రీల ఎముకలు గుల్లబారి, దగ్గినా విరిగేవి. ‘ఇతై ఇతై’ అని దానికి పేరు. అంటే ‘అబ్బా, అబ్బా’ అన్నమాట. 1968లో ప్రభుత్వం అది గని కాలుష్యం వల్ల వచ్చిన రోగమని ఒప్పుకొన్నది. రైతులు కోర్టులో గెలిచారు. చెడిన మట్టిని లోపల పూడ్చి, పైన మంచి మట్టి పరిచారు. సుమారు 860 హెక్టార్లు బాగుచేయటానికి 2012 దాకా, ముప్ఫై యేళ్ళకు పైగా పట్టింది. ఖర్చులో కొంత గని కంపెనీ పెట్టుకొంది, కొంత ప్రభుత్వం భరించింది. పాడుచేయటం సులువు, బాగుచేయటం కష్టం. అయినా అసాధ్యం కాదని దానివల్ల తెలుస్తుంది. పాడుచేసినవారు డబ్బు తీయాలన్నది మొదటి షరతు.

మళ్ళీ ఆ సాయంత్రానికి వస్తాను. మేము తిరిగి వస్తూంటే రోడ్డు ప్రక్కన ఒకామె గోనెపట్టా పరచి తోటకూర, పాలకూర అమ్ముతున్నది. ఆకులు లేతగా, నిగనిగలాడుతున్నాయి. మా ఆవిడ చెప్పిన నాలుగు కట్టలు జ్ఞాపకం వచ్చి ఆగాను. చేయి చాపి, ఒక కట్ట తీసి, మళ్ళీ ఆలోచనలో పడ్డాను. ఆమె నా ముఖం చూసి వెంటనే గ్రహించింది.

“గిది వాగు నీళ్ళది గాదు సారూ. మా బోరు నీళ్ళది. మా పిల్లలు గూడ గిదే తింటరు” అంది.

ఆమె గొంతులో కోపం లేదు. ఈ మాట రోజూ ఎందరితోనో చెప్పుకొని అలసిపోయినట్టుంది. నిజమే చెప్పివుంటుంది. ఆ బోరు మంచిదే కావచ్చు. దాన్ని పరీక్ష చేయించి, ఆమె చేతికి ఒక కాగితం ఇచ్చే నాథుడు వుంటే, ఆమె ఇలా ప్రతివారికీ సంజాయిషీ చెప్పుకోవలసిన పని వుండేది కాదు.

నేను కొనలేదు. ఒప్పుకోవటానికి సిగ్గుగానే వుంది. ఇంట్లో పిల్లలు జ్ఞాపకం వచ్చారు. కట్టను మెల్లగా పట్టా మీద పెట్టి, ఏదో గొణిగి వచ్చేశాను. బస్సులో కూర్చున్న తరువాత తట్టింది. ఇన్నేళ్ళుగా తుమ్ము వచ్చినప్పుడల్లా మాత్ర వేసుకొన్నాను. ఇది ఎక్కడ చేశారు, దీని మురుగు ఎవరి పొలంలోకి పోయింది అని ఏ మందుల షాపులోనూ ఒక్కసారి అడగలేదు. తోటకూర కట్ట ముందు మాత్రం నిలబడి ఆలోచించాను. ఆ పెద్దాయన పొలం చెడటంలో ఆయన చేసిన తప్పేమీ లేదు. ఆ ఆకుకూరలామె చేసినదీ లేదు. చౌకగా దొరికిన మందు మేము తిన్నాము. మిగతా ధర వారి పంటకు పడింది. ఇప్పుడు ఆ పంటను కూడా మేము వద్దంటే, ఒకే తప్పుకు వారికి రెండు శిక్షలు.

ఖాళీ చేతులతో ఇంటికి వచ్చాను. మా ఆవిడ సంగతంతా విని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “మాత్ర ధరలో ఆ నేల బాగుచేసే ఖర్చు కూడా కలిపితే, పట్టీకి ఎంత ఎక్కువవుతుంది?” అని అడిగింది. లెక్క నాకు తెలియదన్నాను. “ఎంతైనా ఇవ్వవలసినదే కదా” అంది.

మరునాడు క్లాసులో యయాతి కథ వచ్చింది. చివరికి యయాతి కోరికకు అంతులేదని తెలుసుకొని, పూరువు యౌవనం పూరువుకు తిరిగి ఇచ్చి, తన ముసలితనం తాను తీసుకొన్నాడని చెప్పాను. వెనుక బెంచీలోనుంచి ఒక అమ్మాయి లేచింది.

“ఎన్నేళ్ళకు తిరిగిచ్చాడు సార్?”

“వెయ్యేళ్ళకు” అన్నాను.

క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం నులకమంచం ప్రక్కన, గట్టుమీద మట్టిపెళ్ళ పట్టుకొని నిలబడిన ఆ పెద్దాయనే కనిపించాడు.